బొట్టుబిళ్ళ కింద దీపం

నేను ఒక దీపాన్ని. దీపమంటే దేవుడి గూట్లో పెట్టేది అనుకునేరు! కారులో స్టీరింగ్ వెనక, స్పీడు చూపించే ముల్లుకి కాస్త కింద, ఇంజిన్ బొమ్మ ఆకారంలో పసుపుపచ్చగా వెలిగే దీపాన్ని. గోరంత ఉంటాను. నా బొమ్మ చూసి నీళ్ళ కుళాయి అనుకున్నవాళ్ళున్నారు, హెలికాప్టర్ అనుకున్నవాళ్ళూ ఉన్నారు. నాకేం కోపం రాలేదు. తేడా వచ్చినప్పుడు వెలగడం ఒక్కటే నాకు చేతనైన పని. అందుకే నా బతుకులో ఎక్కువ భాగం నిద్రే.

నన్ను పుట్టించిన చోట నీలం కోటు వేసుకున్న ఒకావిడ తాళం తిప్పి, నేను వెలగడం చూసి, కాగితం మీద గీత పెట్టింది. అప్పటినుంచీ నాకదే అలవాటు. తాళం తిప్పగానే మూడు క్షణాలు కళ్ళు తెరుస్తాను. నేను బతికే ఉన్నానని చెప్పి, ఇంజిన్ అందుకోగానే మళ్ళీ పడుకుంటాను.

ఆ నిద్రలో నాకు కలలొస్తాయి. వాటిలోంచి నన్ను లేపడానికి కారు లోపల ఎక్కడో ఒక చిన్న కంప్యూటర్ పెట్టె ఉంది. ఇంజిన్ ఊపిరి, వేడి, పెట్రోలు మండే తీరు, అన్నీ తీగల మీదుగా దానికి చేరుతుంటాయి. ఎక్కడైనా తేడా వస్తే అది ఒక అంకెల గుర్తు రాసి దాచుకుని, నన్ను తట్టి లేపుతుంది. జబ్బు పేరు దానికి తెలుసు. నాకు తెలిసింది వెలుగొక్కటే. ఎలుక తీగ కొరికినా అదే వెలుగు, ఇంజిన్ ప్రాణం మీదికి వచ్చినా అదే వెలుగు.

ఎలుక మాట ఊరికే అనలేదు. మా మొదటి యజమాని విశాలాక్షి గారు కాకినాడలో కాలేజీ లెక్చరర్. ఒక పొద్దున్న నేను వెలిగేసరికి ఆవిడకి చెమటలు పట్టాయి. మెకానిక్ మీరావలి స్టీరింగ్ కింద తన మిషను తగిలించి, పెట్టెలో దాచిన గుర్తు చదివి, నేరుగా ఆ తీగ దగ్గరికే వెళ్ళాడు. పంటి గాట్లు చూపించి నవ్వాడు.

"ఎలకండి మేడం. ఈ లైటుని చూసి బెదిరిపోకండి. అలాగని చూడనట్టూ ఉండకండి."

నా గురించి ఇంత చక్కగా చెప్పినవాళ్ళు ఇంకొకరు లేరు.

విశాలాక్షి గారికి వేరే ఊరు బదిలీ అయితే మమ్మల్ని నూకరాజు కొన్నాడు. అతను అదే ఊళ్ళో కిరాయిలకి తిప్పే డ్రైవరు. మంచివాడే. కారుని రోజూ కడిగి, అద్దాలు తన తువ్వాలుతో తుడిచేవాడు. ఒకసారి నిండా జనాన్ని ఎక్కించుకుని మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతున్నాం. మంచు చెట్ల మీంచి దిగి రోడ్డు మీదికి పాకుతోంది. నేను హాయిగా కలగంటున్నాను. ఒక వంపు దగ్గర ఇంజిన్‌లోని నాలుగు సిలిండర్లలో ఒకటి మండటం మానేసింది. కారు వణికింది. నేను ఆగకుండా రెప్పలు కొట్టాను. నేను ఊరికే వెలిగితే త్వరగా చూపించుకోమని. రెప్పలు కొడితే ఆగమని. ఆ వంపులో కారు నాలుగడుగులు వెనక్కి జారింది. జనం కేకలు వేస్తూ దిగారు. నూకరాజు చక్రం వెనక రాయి పెట్టి, చాలాసేపు ఆ రాయి మీదే చెయ్యి ఉంచి కూర్చున్నాడు.

కిందికొచ్చాక కారు మామూలైంది. నేను మాత్రం వెలుగుతూనే ఉన్నాను.

"నిప్పురవ్వ పుట్టించే కాయిల్ పోతందిరా. పల్లంలో తెలీదు, మిట్ట ఎక్కితే బయటపడతాది. మార్చేద్దాం," అన్నాడు మీరావలి.

"సూద్దాంలే వలీ! ఇంక మనం కొండెక్కేదుందా ఏటి?"

ముందు సీట్లో కూర్చున్న ప్రతివాళ్ళూ "ఏంటండీ ఆ లైటు?" అని అడగడం మొదలుపెట్టారు. దసరాకి వాహన పూజ వచ్చింది. నూకరాజు భార్య రత్నం స్టీరింగ్‌కి పసుపు రాసి కుంకుమ పెడుతోంది.

"ఆ లైటుక్కూడా నీ బొట్టుబిళ్ళ ఓటి పెట్టేయే. ఇంక అమ్మోరే సూసుకుంటాది," అన్నాడతను.

రత్నం కొత్త అట్ట తెరిచి, పెద్ద ఎర్ర బొట్టుబిళ్ళ తీసి నా కంటి మీద అంటించింది. నిజం చెప్పొద్దూ, మొదట్లో బాగానే ఉంది. నా వెలుగు నాకే ఎర్రగా కనిపించేది. లోకమంతా కుంకుమలో మునిగినట్టుండేది. ఆ కింద వెలుగుతూ కలగంటూ నెలలు గడిపేశాను. నా గొడవ ఎవరికీ పట్టలేదు. బాధేసింది.

తర్వాత నూకరాజు వ్యాను కొందామని మమ్మల్ని అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే బొట్టుబిళ్ళ పీకేసి, బ్యాటరీ తీగ విప్పి అరగంట ఆగాడు. అది డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయం. మా కారులో అలా చేస్తే పెట్టె రాసుకున్నదంతా చెరిగిపోతుంది. నాకు ఘాట్ లేదు, మంచు లేదు, రాయి లేదు. అప్పుడే పుట్టినట్టు ఖాళీగా ఉన్నాను.

వచ్చినావిడ పేరు చంద్రకళ. నర్సు. తాళం తిప్పగానే అలవాటుగా మూడు క్షణాలు వెలిగాను.

"ఇదేంటండీ?"

"ప్రెతీ బండికీ వెలుగుద్దండి. ఆరిపోద్ది."

ఆరిపోయాను. అతను చెప్పింది అక్షరాలా నిజమే. అంత నిజంతో అబద్ధమాడటం మనుషులకే సాధ్యం.

చంద్రకళ కారుని ఊరంతా తిప్పింది. అంతా పల్లమే కాబట్టి నన్ను లేపేవాళ్ళు లేరు. తిరిగొచ్చి ఆపాక, నా మీద మిగిలిన గుండ్రటి జిగురు మరకని గోటితో గీకింది.

"ఇక్కడ బొట్టుబిళ్ళ అంటించారేంటండీ? సరేలెండి, నాకు బండి నచ్చింది. మారేడుమిల్లి పైన పోస్టింగు. కాన్పుల వాళ్ళని కిందికి తేవాలి, మందుల పెట్టెలతో పైకెళ్ళాలి. ఘాట్ ఎక్కుద్దిగా?"

నూకరాజు తువ్వాలుతో తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. పెట్టెలో ఏమీ లేదు. నా దగ్గరా ఏమీ లేదు. ఆ వంపు, ఆ రాయి ఇంకా గుర్తున్నది అతనొక్కడికే.

"ఎక్కదండి," అన్నాడు. "మద్దిలో ఎనక్కి జారిపోద్ది. ఆ మరక కింద లైటు నెలల్తరబడి వెలిగిందండి. పొద్దున్నే నేనే ఆర్పేశాను."

చంద్రకళ కారు దిగింది. తాళాలు అతని చేతిలో పెట్టేసి గేటు దాకా వెళ్ళింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"బాగు చేయించండి. చేయించాక మీరే నా పక్కన కూర్చుని ఘాట్ ఎక్కించండి. అప్పుడు కొంటాను."

మీరావలి కాయిల్ మార్చాడు. మర్నాటి పొద్దున్న చంద్రకళ స్టీరింగ్ పట్టుకుంది, నూకరాజు పక్క సీట్లో కూర్చున్నాడు. నాలోంచి చెరిగిపోయిన కథంతా దారిలో అతని నోటే మళ్ళీ విన్నాను. మళ్ళీ అదే మంచు, అవే చెట్లు. అదే వంపు వచ్చింది. నన్ను అంతకాలం కప్పి ఉంచిన మనిషి రోడ్డు చూడటం మానేసి, ఊపిరి బిగబట్టి, నన్నే చూస్తున్నాడు.

నేను వెలగలేదు.