చౌడుమొక్క

పొద్దున్నే లేవగానే అత్తగారు చేసే మొదటి పని, నెలలు నిండుతున్న కోడలి మంచం పక్కన కుండీలో ఉన్న చౌడుమొక్క ఆకులు తుడవడం. రాత్రంతా కోడలి వాచిన పాదాల్లోంచి ఆ మొక్క ఉప్పు లాగేది. తెల్లారేసరికి ఆకుల మీద తెల్లటి పొడి కట్టేది. నర్సమ్మ కూడా దాన్ని చూసి, "కాన్పయ్యేదాకా కదపకండి, బీపీ దీనివల్లే అదుపులో ఉంది," అని మాత్ర రాసిచ్చినంత మామూలుగా చెప్పిపోయింది.

ఆ పొద్దున ఆకులు పచ్చగా, నున్నగా ఉన్నాయి. వేలితో రాస్తే రవ్వంత ఉప్పు లేదు.

"అత్తయ్యా, తల పగిలిపోతోంది," అంది కోడలు. "రాత్రి నుంచీ లోపల బిడ్డ కదలట్లేదు."

అత్తగారి పైప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ చేస్తే నర్సమ్మ బండి తీసుకుని వస్తున్నానంది.

"నిన్న నువ్వు పడుకున్నాక మట్టి మార్చానే. ఆ పాడు చౌడుమట్టి పారబోసి, నల్లమట్టీ ఎరువూ వేశాను. మనకింత చాకిరీ చేస్తోంది కదా, మంచి తిండి పెడదామనుకున్నా. దానికి చౌడే తిండని తట్టలేదు. నా బుద్ధి గడ్డి తింది," అంది అత్తగారు.

ఆవిడ గుణమే అంత. ఎవరి మీద ప్రేమ పుట్టినా ముందు వాళ్ళ తిండి మార్చేస్తుంది.

పారబోసిన చౌడుని రాత్రి వాన ఈడ్చుకుపోయింది. పొలాల్లో చూద్దామా అంటే, కాలువ నీళ్ళు పెట్టి అందరూ చౌడంతా ఎప్పుడో కడిగేశారు. అవసరానికి చెడ్డది కూడా దొరకదు మరి.

అప్పుడు గుర్తొచ్చింది గోడ. అడుగున ఉప్పు పొంగి పొరలు లేచిపోతే, చుట్టాలు చూస్తే పరువు పోతుందని బీరువా అడ్డం పెట్టిన గోడ. బీరువాని ఒక్క తోపు తోసింది. కొడవలితో గీకి గీకి ఆ తెల్లపొడి రాల్చింది. కుండీలో నల్లమట్టి నేల మీద కుమ్మరించి, పొడిని మొక్క వేళ్ళ చుట్టూ కూరి, కోడలి పాదాలు దానికి ఆనించింది.

ఆకుల్లో మార్పు లేదు. కోడలి కళ్ళు మూతపడుతున్నాయి.

"నిద్రపోకే తల్లీ. నన్ను తిట్టు. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నవన్నీ తిట్టు."

"ఒక్క పూటలో తెమిలేవా అవి," అంది కోడలు, కళ్ళు తెరవకుండానే.

ఒక ఆకు అంచు తెల్లబడింది. ఆ తర్వాత ఇంకోటి. నర్సమ్మ వచ్చేసరికి ఉప్పు ఆకుల మీద నిలవక నేల మీదికి రాలుతోంది. ఆమె కోడలి చేతికి బీపీ పట్టీ చుట్టి చూసింది. మళ్ళీ చూసింది.

"దిగుతోంది. మొక్కని కూడా బండెక్కించండి," అంది.

"చెయ్యి ఇటివ్వండి అత్తయ్యా," అంది కోడలు.

చేతినిండా సున్నం, కొడవలి గీరుకున్న నెత్తురు. తుడుచుకోబోతే కోడలు ఆగలేదు, లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. చాలాసేపటికి ఆ అరచేతి కింద, లోపలి నుంచి ఒక్క తన్ను తగిలింది.