కొట్టేసిన నాలుగు వాక్యాలు

గిన్నెలు తోమిన తడి చేతులు తుడుచుకునేలోపే భర్త కాగితాలు ముందుకు చాపాడు. "బాగానే రాశావు గానీ, ఈ నాలుగు వాక్యాలూ కొట్టేశాను. ఇలాంటివి పత్రికలో వేస్తే ఆఫీసంతా నవ్విపోతుంది."

ఈ మహానగరానికి మొదటిసారి వచ్చేవాళ్ళకి పనికొచ్చే సూచనలు రాసివ్వమని ఆఫీసు పత్రికవాళ్ళు అతన్ని అడిగారు. అతనికి తెలిసిన నగరమల్లా ఆఫీసు బస్సు కిటికీలోంచి కనిపించినంతే. ఊరంతా కాళ్ళరిగేలా తిరిగింది ఆమె. పిల్ల బడికి, అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆస్పత్రికి, కరెంటాఫీసుకి, చుట్టాలు దిగిన ప్రతిసారీ స్టేషనుకి. ఏ గేటు వైపు మెట్లు తక్కువో, ఏ బస్సు ఎక్కితే గంట కలిసొస్తుందో అడిగి తెలుసుకుంది. "ఎలాగూ ఖాళీగానే ఉంటావుగా, రాసిపెట్టు" అన్నాడు. వంటకీ ఇస్త్రీకీ మధ్య మూడు మధ్యాహ్నాలు కూర్చుని రాసింది. చదువు మానేశాక తను రాసిన వాక్యం తనకే ముద్దొచ్చింది అప్పుడే.

అతను కొట్టేసినవి ఆడవాళ్ళ మరుగుదొడ్ల గురించి. స్టేషనులో ఉన్నదానికి తాళం ఉంటుంది, పార్సిల్ గదిలో అడిగితే తాళంచెవి ఇస్తారు. పెద్ద బజారులో అసలు లేదు, మూలమీది బట్టల కొట్టు రెండో అంతస్తులో బేరమాడుతున్నట్టు నటించి వెళ్ళాలి. ఆస్పత్రిలో ఉన్నది వెనక వరండా చివర, బోర్డు కూడా ఉండదు. ఇవి ఎవరో చెప్తే రాసినవి కావు. చంటిదాన్ని చంకనేసుకుని, పళ్ళు బిగించి, కొట్టు కొట్టుకీ వెళ్ళి అడిగిన రోజు ఆమెకింకా గుర్తే. మగవాళ్ళు నవ్వు దాచుకుంటూ తలలు అడ్డంగా ఊపారు. ఆ సిగ్గు ఇంకొకరు పడకూడదనే రాసింది. అయినా ఆ నాలుగూ లేకుండా సాపు రాసిచ్చి, మొదట రాసిన కాగితాలు దాచుకుంది. పైన భర్త పేరుతో వ్యాసం అచ్చయింది. మెచ్చుకోళ్ళు అతనే అందుకున్నాడు.

పదిరోజులకి అతని అక్క కళ్ళ పరీక్షకని వచ్చింది. ఒంటరిగా ఈ ఊరు రావడం ఆవిడకిదే మొదటిసారి. తమ్ముడు పంపిన వ్యాసం చేతిసంచిలో పెట్టుకుని, రైలు దిగి నేరుగా ఆస్పత్రికి వెళ్ళి, సాయంత్రానికి ఇల్లు చేరింది. పలకరింపులు కూడా లేకుండా స్నానాలగదిలోకి పరిగెత్తింది. వచ్చి కూలబడి, రెండు చెంబుల నీళ్ళు గటగటా తాగింది.

"పొద్దున ఏడింటినుంచీ గుక్కెడు నీళ్ళు ముట్టలేదమ్మాయ్. తాగితే ఎక్కడికి పోవాలో తెలీదు కదా. ఐస్‌క్రీం ఎక్కడ బావుంటుందో కూడా రాశాడు మావాడు, అదొక్కటే రాయలేదు. వాడికైతే తెలీదు, నువ్వయినా చెప్పకూడదూ?"

భర్త పేపరులోంచి తలెత్తలేదు. 'తట్టలేదు వదినా' అనేస్తే గొడవ ఉండదు. పిల్లకి మార్కులు తగ్గినా, అతను తాళాలు పోగొట్టుకున్నా, తప్పు తన నెత్తినేసుకోవడం ఆమెకి ఇరవై ఏళ్ళ అలవాటు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ వదినగారి పెదాలు ఎండి పగిలి ఉన్నాయి. ఆమెకి చచ్చేంత కోపం వచ్చింది, అందులో సగం తన మీదే.

"రాశాను వదినా. వ్యాసమంతా నేనే రాశాను. ఆ నాలుగు ముక్కలూ మీ తమ్ముడు కొట్టేశారు."

పేపరు కిందికి దిగింది. "ఇప్పుడెందుకా సోదంతా? వచ్చేనెల రెండో భాగం అడిగారు. అందులో ఇరికిద్దాంలే."

"సరే. పైన నా పేరు వెయ్యమనండి."

"నీ పేరా? నువ్వేమన్నా ఆఫీసులో పనిచేస్తున్నావా?"

ఆమె వదినగారి వైపు తిరిగింది. "రేపు మళ్ళీ చూపించుకోవాలిగా, నేనూ మీతో ఆస్పత్రికి వస్తాను. దారిలో జిరాక్సు కొట్టుంది. నేను మొదట రాసిన కాగితాలు వంద కాపీలు తీయించి, స్టేషను గేటు దగ్గర నేనే పంచుతాను."

వదినగారు తమ్ముడి వైపు ఒకసారి చూసి, ఖాళీ చెంబు కింద పెట్టింది.

"వంద ఏ మూలకొస్తాయే" అంది.