ఊదా కాడ

అరచేతిలో గింజలు. విత్తనాలు దాచే చల్లగది నుంచి ఇప్పుడే తెచ్చిన బొబ్బర గింజలు... వేళ్ల సందుల్లో ఇంకా చలి.

ఎన్ని రంగులు!

తెల్లవి, ఎర్రవి, ఇటుకరంగువి. నల్లకన్ను పెట్టుకున్నవి. పిట్టగుడ్డులా మచ్చలున్నవి. అందరిదీ ఒకే ఇంటిపేరు. ఏ ఇద్దరికీ ఒకే బుద్ధి లేదు.

ఒకటి తొందరగా పూస్తుంది. ఒకటి తెగులుకు లొంగదు. ఒకటి తీగలు సాగి, ఆకులు పరిచి, తీరా కాయ దగ్గరికి వచ్చేసరికి మొహం చాటేస్తుంది.

ఆమె కొత్త వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్త. జుట్టు నెరిసేదాకా ఇదే పని. అయినా పళ్లెంలో గింజలు పోసినప్పుడల్లా ఆమె ఒక్కొక్కటే వేలితో తిప్పి చూస్తుంది.

ఇంకో వింత కూడా ఉంది. ఏ గుణమూ ఒంటరిగా ఉండదు. కాయలు పెంచితే గింజ చిక్కిపోతుంది. గింజ లావెక్కితే కాయలు తగ్గుతాయి. పూత ముందుకు జరిపితే దిగుబడి వెనక్కి పోతుంది. తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఏమిటో ఆ పొలంలో రోజూ కనిపిస్తుంది.

"అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే ఎలా అమ్మాయ్?" అంటుంది వదిన.

ఆమె అన్న భార్య. గాజుగదిలో పూలను సంకరం చేసేది ఆమే. రేపు విచ్చబోయే మొగ్గను సాయంత్రమే సన్న పట్టకారుతో విప్పి, లోపలి కేసరాలు తీసేస్తుంది. పొద్దున్నే వేరే మొక్క పుప్పొడి అద్దుతుంది. చాలా పూలు రాలిపోతాయి. వదిన తిట్టుకుంటూ మళ్లీ మొదలుపెడుతుంది.

ఈ ఏడు వాళ్లకు ఒక నల్లగింజ కావాల్సి వచ్చింది. నీళ్లు లేకపోయినా చావదని దానికి పేరు. పాత పొట్లంలో ఉన్నవన్నీ నాటితే... ఒక్కటే మొలిచింది.

ఊదా కాడ.

దాని పుప్పొడిని తెల్లగింజ మొక్కకు అద్దారు. ఆ తర్వాత, తన కాయ ముదరకముందే, నల్లగింజ మొక్క కుళ్లి చచ్చిపోయింది.

అద్దిన పూలలో రెండు కాయలు నిలిచాయి. ఆ గింజలు మడిలో వేస్తే అన్నీ తల్లి తెల్లగింజ మొక్కలాగే పచ్చకాడతో లేచాయి. సంకరం కుదరలేదన్నమాట.

ఒక్కటి తప్ప.

ఆ ఒక్కదానికి ఊదా కాడ. వదినా మరదళ్లు దాని ముందు కూర్చుండిపోయారు. పోయిన నల్లగింజ ప్రాణమంతా ఆ జానెడు కాడలోనే మిగిలింది. ఎంత చిన్నది... ఎంత మోస్తోంది!

విత్తనాల మడిలో వరుసకు భిన్నంగా కనిపించిన మొక్కను పీకేయాలి. కేళీలు తీయడం అంటారు. ఆమె ఉద్యోగం మొదలైందే ఆ పనితో. కళ్లు వెతుకుతాయి, చెయ్యి పీకుతుంది, మనసుకు ఆ తర్వాతే తెలుస్తుంది.

ఒక పొద్దున వదిన చెప్పిందేదో విని నవ్వుతూ, ఆమె మడి వెంట నడుస్తోంది.

వంగింది. పీకింది.

చేతిలో ఊదా కాడ.

"వదినా..."

"అయ్యో! ఎంత పని చేశావే!"

"చెయ్యి... దానంతట అదే..."

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? పరుగెత్తు. నీళ్లు తే."

వేరు సగం మట్టిలోనే తెగిపోయింది. వదిన ఆకులు కత్తిరించి, కాడను తడి ఇసుకలో గుచ్చి, కుండీని నీడకు చేర్చింది. మరదలు ఏడ్చింది. దాచుకోకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది.

మిగిలిన ఆకు వేలాడింది. పసుపెక్కింది. రాలింది.

కాడ మాత్రం వాడలేదు.

మర్నాడూ వాడలేదు. ఆ తర్వాతా వాడలేదు. వేరు తెగి, ఆకు పోయి, అలాగే నిలబడింది. నల్లగింజ మొండితనం ఈ బిడ్డకు వచ్చిందో లేదో వచ్చే ఎండల్లో పరీక్షిద్దామనుకున్నారు వాళ్లు. ఆమె చెయ్యి ఆ పరీక్ష ముందే పెట్టేసింది. ఆమెకు భయం వేసింది. భయం అడుగున, చెప్పుకోలేని ఆశ్చర్యం.

ఈ ఉదయం వదిన కుండీ మీదికి వంగింది.

"ఇటు రా. కణుపు దగ్గర తెల్లగా... వేరంటావా?"

"ఇసుక రేణువేమో."

"తుడిచి చూడు మరి."

చెయ్యి ముందుకు వెళ్లింది.

ఆగింది.

ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. ఊపిరి కూడా తగలకుండా, మోకాళ్ల మీద కూర్చుని చూస్తోంది... ఊదా కణుపు మీద సూదిమొనంత తెలుపు. తడిగా, మెరుస్తూ...