మూడు చుక్కల తరవాతి మాట

గ్రంథాలయంలో ఆమెను అందరూ వదినగారనే పిలిచేవారు. పాతకాలపు పనివాళ్ల మాటలు రికార్డు చేసి భద్రపరచడం ఆమె ఉద్యోగం. కొత్తగా వచ్చిన కంప్యూటర్లో బొమ్మలు నొక్కితే పని జరగదు; నల్లటి తెర మీద ఆదేశం టైపు చేయాలి. ఎలా చేయాలో మాన్యువల్లో ఒకే ఒక్క వరుస ఉంది: 'కాపీ' అనే మాట, చదరపు బ్రాకెట్లలో ఒక గుర్తు, తరవాత 'మూలం', మూడు చుక్కలు, చివర 'గమ్యం'.

ఆమె బ్రాకెట్లతో సహా ఉన్నదున్నట్టు కొట్టింది. తప్పని వచ్చింది. కంప్యూటర్ల పనిలో ఉన్న మరిదికి ఫోన్ చేసింది.

"బ్రాకెట్లు కొట్టకూడదు వదినా. అందులో ఉన్నది పెడితే పెట్టొచ్చు, మానేస్తే మానేయొచ్చు."

"మరి చుక్కలో?"

"ఎన్ని పేర్లయినా వరసగా ఇవ్వొచ్చని."

ఈమాత్రానికా ఇంత హైరానా అనుకుని, బ్రాకెట్లోని గుర్తు మానేసింది. తాపీమేస్త్రీ రికార్డు పేరు, దాని పక్కన, ఒకప్పుడు పడవ నడిపిన ఓ తాత రికార్డు పేరు కొట్టింది. గమ్యం రాయడం మరిచిపోయింది. కంప్యూటర్ కిక్కురుమనలేదు. తాత రికార్డు తెరిస్తే మేస్త్రీ గొంతు పలికింది.

మళ్లీ మరిదే దిక్కయ్యాడు.

"చివరి పేరెప్పుడూ గమ్యమే వదినా. తాతది చెరిపేసి దాని మీద మేస్త్రీది రాసేసింది. బ్రాకెట్లోని ఆ గుర్తు పెట్టుంటే, చెరిపే ముందు అడిగేది."

"మానేయొచ్చన్నావుగా!"

"మానేస్తే కంప్యూటర్‌కి ఇబ్బంది లేదని. మనకి లేదని కాదు."

వేరే నకలు లేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె తాత ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే జరిగిందంతా చెప్పేసింది. తాత టీ గ్లాసు కింద పెట్టాడు.

"పోతే పోయింది లేమ్మా. అందులో, వరదలో నలుగుర్ని ఒడ్డుకు చేర్చానన్నాను కదూ?"

"అవునండీ."

"ముగ్గుర్నే. నాలుగో అతని చెయ్యి దొరికింది. పడవ ఒరిగిపోతుంటే వదిలేశాను. నువ్వు రికార్డు చేసిన రోజు మనవరాలు పక్కనే కూర్చునుంది. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు."

ఆమె వెంట తెచ్చిన మైకు తీసి సర్దింది. "ఇది భద్రపరచమంటారా?"

"అందుకేగా వచ్చావు. అతని పేరు చెబుతాను, సరిగ్గా రాసుకో."

తాత ఒక్కో అక్షరమే చెప్పాడు. ఆమె రాసి చదివి వినిపించింది. రెండో అక్షరానికి దీర్ఘం ఉందన్నాడు. దిద్దింది.