చుట్టతోక బండ

తలమీది వెంట్రుకలన్నీ లెక్కపెట్టిన దేవుడు, ఆ వెంట్రుకల కింద ఏమైనా ఉందో లేదో ఒక్కసారి చూసుకోలేదెందుకు? పోర్ట్ స్కారీ ఊళ్ళో, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని కాపాడే లైఫ్‌బోటు నడిపే గిల్బర్ట్ ఫ్లెట్‌కి ఈ సందేహం పంతొమ్మిదేళ్ళుగా ఉంది. చర్చిలో సంఘపెద్ద కాబట్టి పాదిరిగారిని అడగడానికి మొహమాటం. ఒకసారి భార్య ఐసాని అడిగాడు. ఆమె అతని బట్టతల వైపు చూసి, "నీ దగ్గరికొచ్చేసరికి లెక్క తొందరగా అయిపోయుంటుందిలే" అని నవ్వి ఊరుకుంది.

ఆ సందేహం బైబిలు చదివితే వచ్చింది కాదు, సముద్రం మీద వచ్చింది. ఒక్క వేసవిలో ఎదురైనవాళ్ళనే చూడండి. ఒకాయన గాలి నింపిన గులాబీరంగు కొంగబొమ్మ మీద పడుకుని నిద్రపోయాడు. లేచేసరికి ఒడ్డు కనబడలేదు. పైకి లాగితే, ముందుగా తన నల్లకళ్ళద్దాలు పోయాయని గోలపెట్టాడు. ఇంకొకాయనకి ఇల్లంత తెరచాప పడవ ఉంది. అందులో ఎనిమిది లైఫ్‌జాకెట్లున్నాయి. ఎనిమిదీ కొన్ననాటి ప్లాస్టిక్ సంచుల్లోనే ఉన్నాయి. అదేమిటని అడిగితే, "తడిస్తే పాడైపోతాయని" అన్నాడు.

ఇలాంటివాళ్ళ కోసం గిల్బర్ట్, రొట్టెల దుకాణం మురీల్, పోస్ట్‌మన్ ఇన్నెస్ ఎక్కడి పని అక్కడ వదిలేసి పరుగెత్తేవాళ్ళు. ఎవరికీ జీతం లేదు. నడుముకున్న పేజరు కూసిందంటే, ఊళ్ళో పడవల ఇంజన్లు బాగుచేసే గిల్బర్ట్ షెడ్డులో విప్పిన ఇంజను విప్పినట్టే ఉండేది. మురీల్ పొయ్యిలో రొట్టెలు బొగ్గయ్యేవి. మాడిన వాసన రాగానే, సముద్రంలో ఎవరో మునిగారని ఊరికి తెలిసిపోయేది.

సరే, వాళ్ళంటే బయటివాళ్ళు. సముద్రం మీదే పుట్టి పెరిగిన సొంత ఊరివాళ్ళ సంగతి అంతకంటే అన్యాయం. వాళ్ళు ఈత నేర్చుకోరు. ఈత వస్తే చావు ఆలస్యమవుతుందట. లైఫ్‌జాకెట్ వేసుకోరు, వేసుకుంటే మునగడానికి సిద్ధమని సముద్రానికి చెప్పినట్టట. అందుకే గిల్బర్ట్ ప్రతి ఏప్రిల్‌లోనూ చేపల వేలం షెడ్డులో ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, నీటి మీద క్షేమంగా ఎలా ఉండాలో చెబుతాడు. జనం బాగానే వస్తారు, మురీల్ చేసే వెన్న బిస్కట్ల కోసం.

ఈ ఏడాది ముందు వరసలో ఆర్చీ మెయిర్ కూర్చున్నాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. 'మార్తా' అనే చిన్న పడవలో ఒంటరిగా వెళ్ళి పీతల బుట్టలు వేసుకొస్తుంటాడు.

"దీన్ని మెడలోంచి వేసుకోవాలి. ఈ పట్టీ తొడల మధ్యనుంచి తెచ్చి ఇక్కడ బిగించాలి" అని గిల్బర్ట్ లైఫ్‌జాకెట్ తొడుక్కుని చూపిస్తున్నాడు.

"వేసుకుంటే ఏమవుద్ది?" అన్నాడు ఆర్చీ.

"తేలతావు."

"తేలితే?"

"మేం వచ్చేదాకా బతికుంటావు."

"అంటే, ఆఖరిసారి నీ మొహం చూడాలన్నమాట. దానికన్నా మునగడమే నయం కదరా."

షెడ్డంతా ఘొల్లుమంది. గిల్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. "నవ్వండి, నవ్వండి. కిందటేడు పంది బండ దగ్గర ఏమైందో..."

నవ్వు తెగిపోయింది. ముప్ఫై చేతులు ఒక్కసారి ఇనుము వెతుక్కున్నాయి. కుర్చీ కాళ్ళు, జేబులో తాళాలు, నడుముకున్న కత్తులు, ఏది దొరికితే అది పట్టుకుని "చల్లని ఇనుము, చల్లని ఇనుము" అని గొణుక్కున్నారు. ఆ తీరంలో పడవ ఎక్కేవాళ్ళు పంది మాట నోట పలకరు. తినడం మాత్రం మానరు. పలకాల్సి వస్తే 'చుట్టతోక' అంటారు. ఎవరైనా నోరుజారితే కీడు తగలకుండా ఇనుము పట్టుకుంటారు. రేవుకి ఉత్తరాన రెండు మైళ్ళలో ఉన్న బండకి పటంలో పంది బండ అని పేరు. ఊళ్ళో అది చుట్టతోక.

ఇదంతా అన్యుల చాదస్తమని గిల్బర్ట్ అభిప్రాయం. ఆదివారం పూట కీర్తన పాడే నోళ్ళు సోమవారం పూట ఒక జంతువు పేరుకి వణకడమా? అతనికి ఒళ్ళు మండింది.

"పంది. పంది. పంది" అన్నాడు గట్టిగా. "నాలుగు కాళ్ళ జంతువు. జలప్రళయమప్పుడు నోవహు ఓడలో అదీ ఎక్కింది. ఓడ మునిగిందా?"

ఆర్చీ లేచి నిలబడ్డాడు. "నోవహు నోరుమూసుకుని నడిపాడురా గిల్బర్టూ. రేపట్నుంచి నా ఇంజను మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. ఆ నోటితో ఊదిన ఫిల్టరు నాకక్కర్లేదు."

ఊరికే ఇస్తున్నారు కదా అని లైఫ్‌జాకెట్ మాత్రం చంకన పెట్టుకుని పోయాడు. మర్నాటి నుంచి దాని మీద అతని కుక్క పడుకునేది.

ఈ సంగతి భోజనం దగ్గర విని ఐసా, "క్షమాపణ అడిగావా?" అంది.

"అడిగాను."

"ఆర్చీనా?"

"దేవుణ్ణి."

"ఆయనొచ్చి ఇంజను చూస్తాడా మరి?"

గిల్బర్ట్ బంగాళదుంపలు ఒలుచుకున్నాడు. మూర్ఖుణ్ణి మూర్ఖుడనడం పాపమా, లేక ఒట్టి నిజమా? ఆ సంగతి అతనికి ఎటూ తేలలేదు. తేలలేదు గనక, క్షమాపణ చెప్పలేదు.

సెప్టెంబరులో ఒక బుధవారం, పొద్దున్న పదకొండు గంటలకి పేజరు కూసింది. ఈశాన్యపు గాలి, బరువైన అలలు. లైఫ్‌బోటు రేవు దాటుతుండగా, వంద మైళ్ళ అవతలి కంట్రోల్ రూము నుంచి రేడియోలో మర్యాదగా ఒక గొంతు పలికింది. "ఒకే మనిషి ఉన్న పడవ. పేరు మార్తా. ఇంజను ఆగిపోయి నీళ్ళెక్కుతున్నాయి. తోక మొన దగ్గర. ఆ తర్వాత మాట తెగిపోయింది."

మురీల్ నోరు తెరిచింది. "ఆర్చీ!"

తోక మొన దక్షిణాన నాలుగు మైళ్ళు. గిల్బర్ట్ బోటుని అటు తిప్పి వేగం పెంచాడు. ఇంజను ఆగిపోయిందంటే ఇంకేముంది, డీజిలు ఫిల్టరే మూసుకుపోయుంటుంది. ఏప్రిల్‌లో తను మార్చాల్సిన ఫిల్టరు. ఇన్నేళ్ళూ దాన్ని మార్చింది తనే. మూడుసార్లు ఒక మాట అని, నలుగురిలో గెలిచి, తను సంపాదించింది ఇదీ. ఆ ముసలివాడు మూర్ఖుడే, అందులో సందేహం లేదు. కానీ ఆ మూర్ఖుడి ఇంజను గదిలోకి ఎవరూ చెయ్యి పెట్టకుండా చేసిన తెలివైనవాడు ఎవరు? ఆ చల్లటి నీళ్ళలో డెబ్బై నాలుగేళ్ళ మనిషి ప్రాణం అరగంట నిలిస్తే గొప్ప.

పన్నెండు నిమిషాలు పోయాయి. ఇన్నెస్ దుర్భిణి దించి, "తోక మొన దగ్గర అడుగంతా ఇసకే. పీతలు ఎక్కడివి? ఆర్చీ అక్కడికి ఎందుకెళ్తాడు?" అన్నాడు.

గిల్బర్ట్ రేడియో అందుకున్నాడు. "కంట్రోల్, అతను ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్క ముక్క మార్చకుండా."

"తోక అన్నారు సార్. అంతకుముందు చుట్ట అనో ఏదో అన్నారు. చుట్ట కాలుస్తున్నారేమో అనుకున్నాను. పటంలో తోక అని వెతికితే తోక మొన ఒక్కటే ఉంది."

బోటులో ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. గిల్బర్ట్ అప్పటికే చక్రం తిప్పేశాడు. బోటు ఒక పక్కకి ఒరిగి ఉత్తరానికి మళ్ళింది.

"తోక మొన కాదు కంట్రోల్. చుట్టతోక బండకి పోతున్నాం" అన్నాడు ఇన్నెస్ రేడియోలో.

"ఆ పేరుతో పటంలో ఏమీ లేదండీ. హెలికాప్టరుని పంపాలి, పటంలో ఉన్న పేరు చెప్పండి."

ఇన్నెస్ మురీల్ వైపు చూశాడు. మురీల్ సముద్రం వైపు చూసింది. ఇద్దరికీ జాలర్లైన తాతలున్నారు. అటు మనిషి మునిగిపోతున్నాడు, ఇటు వీళ్ళ నాలుకలు అంగిట్లో అంటుకుపోయాయి.

"ఛీ! ఇలా ఇవ్వు" అని గిల్బర్ట్ రేడియో లాక్కున్నాడు. "పంది బండ. పం-ది. రాసుకున్నారా?"

మురీల్ పక్కనున్న ఇనప కమ్మీని గట్టిగా పట్టుకుంది. గిల్బర్ట్ వెటకారంగా నవ్వబోయాడు. అంతలో తన ఎడంచేతి వైపు చూసుకున్నాడు. అది ఎప్పుడు వెళ్ళిందో, సీటు కింది ఇనప గొట్టాన్ని పట్టుకుని ఉంది. ఒరిగిన బోటులో పడిపోకుండా పట్టుకున్నానని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. నమ్మలేదు.

బండ చాటున, చీలికలో ఇరుక్కుని 'మార్తా' కనబడింది. సగం నీళ్ళతో నిండి ఉంది. మనిషి లేడు. గిల్బర్ట్ బోటు వేగం తగ్గించాడు. "ప్రభువా, వాడు మూర్ఖుడే, కానీ మా మూర్ఖుడు" అనుకున్నాడు. అతను చేసిన ప్రార్థనల్లో అంతకంటే చిన్నది లేదు.

"అదుగో!" అని ఇన్నెస్ అరిచాడు. పీతల బుట్టలకి గుర్తుగా కట్టే ఎర్రటి తేలుడు బంతిని రెండు చేతులా కౌగిలించుకుని, మెడదాకా నీళ్ళలో ఆర్చీ ఉన్నాడు.

నిటారుగా లాగితే చల్లబడిన గుండె ఆగుతుందని, అతన్ని అడ్డంగా, పడుకోబెట్టినట్టే పైకెత్తారు. దుప్పట్లు చుట్టారు. పెదవులు నీలమయ్యాయి. కళ్ళు తెరిచి ముగ్గురినీ చూశాడు.

"ఏమర్రా... రొట్టెలు కాలేదాకా ఆగారా?"

"ఇవాళవీ నీ పుణ్యాన మాడే ఉంటాయి, ముసలోడా" అంది మురీల్, కళ్ళు తుడుచుకుంటూ.

గిల్బర్ట్‌కి భయం పోయేసరికి కోపం వచ్చింది. "ఆ బండ పేరు సరిగ్గా చెప్పి ఏడవొచ్చుగా! పన్నెండు నిమిషాలు దక్షిణానికి పోయాం."

"సముద్రం మీదుండి ఆ పేరా? మునిగిపోతుండగానా? నాకేమన్నా పిచ్చా?"

"పలకనందుకే చావబోయావు."

"పలకనందుకే మీరొచ్చారు."

గిల్బర్ట్ అతని మీద ఇంకో దుప్పటి కప్పాడు.

"లైఫ్‌జాకెట్ ఏదీ?"

"ఇంట్లో. కుక్క కింద."

"అయితే కుక్కకి ఏ భయమూ లేదు."

ఆర్చీ నవ్వబోయి దగ్గాడు. ఇన్నెస్ అతన్ని ఓదారుస్తూ, "పడవ గురించి దిగులు పడకు. గాలి తగ్గాక లైఫ్‌బోటుతో లాగి తెస్తాంలే" అన్నాడు.

దుప్పట్లోంచి ఒక వేలు గిల్బర్ట్ వైపు లేచింది. "లైఫ్‌బోటు తాడు నా పడవకి తగలడానికి వీల్లేదు. వీడు నాకో లాగుడు బాకీ."

అది ఇరవై ఆరేళ్ళ బాకీ. గిల్బర్ట్ కొత్తగా పడవ కొని, ఊళ్ళో ఇంజన్లన్నీ బాగుచేసే ఆ గిల్బర్టే, డీజిలు పోసుకోవడం మరిచిపోయి నడిసముద్రంలో ఆగిపోయాడు. ఆర్చీ అతన్ని తాడు కట్టి లాగుకొచ్చాడు. ఊరికే లాగుకొస్తే ఆర్చీ ఎందుకవుతాడు? రేవు పొడుగునా మెల్లగా, జనం చూసేలా, పెళ్ళి ఊరేగింపులా, పాట పాడుతూ తెచ్చాడు. అప్పట్నుంచి ఎక్కడ ఎదురైనా "నా లాగుడెప్పుడు?" అని అడిగేవాడు. గిల్బర్ట్ తీర్చుకునేదెలా? ఆర్చీ ఇంజను ఎప్పుడూ ఆగేది కాదు. ఆగకుండా చూసింది గిల్బర్టే.

ఆర్చీని హెలికాప్టరు తీసుకుపోయింది. ఆసుపత్రిలో రెండు రోజులుండి, అక్కడి గంజి గోడకి సున్నం వేయడానికి పనికొస్తుందని నర్సులకి చెప్పి, శుక్రవారం ఇల్లు చేరాడు. శనివారం గాలి పడిపోయింది. గిల్బర్ట్ ఆర్చీ తలుపు తట్టాడు.

"ఏప్రిల్‌లో నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది. తప్పే" అన్నాడు గడపలోనే నిలబడి.

"క్షమాపణకి వచ్చావా, లాగుడుకి వచ్చావా?"

"రెంటికీ."

"మొదటిది నీ దగ్గరే ఉంచుకో. కోటు తెచ్చుకుంటా ఉండు."

గిల్బర్ట్ సొంత పడవలో ఇద్దరూ బండ దగ్గరికి వెళ్ళారు. 'మార్తా'లో నీళ్ళు తోడి, చిల్లుకి రేకు కొట్టి, పోటు వచ్చాక చీలికలోంచి బయటికి తీశారు. గిల్బర్ట్ సొంత తాడు కట్టాడు. చుక్కాని పట్టడానికి ఆర్చీ తన పడవలోకి మారాడు. వంద గజాలు వెళ్ళాక గిల్బర్ట్ వెనక్కి తిరిగి చూశాడు. తను తెచ్చి ఇచ్చిన కొత్త లైఫ్‌జాకెట్‌ని ఆర్చీ మడతపెట్టి, దాని మీద హాయిగా కూర్చున్నాడు.

గిల్బర్ట్ ఇంజను ఆపాడు. "వేసుకో."

"మెత్తగా ఉంది."

"వేసుకో ఆర్చీ."

"వేసుకోకపోతే? తాడు కోస్తావా?"

"కొయ్యను. ఈ బండకి పటంలో ఉన్న పేరు ఇక్కడే నిలబడి పలుకుతా. మూడుసార్లు. నీ పడవలో రాగి మేకులు, చెక్క తప్ప ఏముందో చూసుకో. రేకు కూడా రాగిదే కొట్టాను."

ఆర్చీ అటూ ఇటూ చూశాడు. ఇంజను బిగించిన చెక్క మూత కింద ఉంది, చెయ్యి అందదు. జేబులు తడిమాడు; తాళాలూ కత్తీ ఇంట్లోనే ఉండిపోయాయి. "సంఘపెద్దవిట్రా నువ్వు! నీ నోట్లో..." అని తిడుతూనే తల దూర్చాడు.

"పం..." అన్నాడు గిల్బర్ట్.

"వేసుకుంటున్నా కదరా!"

"తొడల మధ్య పట్టీ."

పట్టీ కూడా బిగించాడు.

రేవులో గోడ మీద ఊరు సగం నిలబడి ఉంది. మెడ కింద పసుప్పచ్చగా ఉబ్బిన లైఫ్‌జాకెట్‌లో, ఎవరి వైపూ చూడకుండా ఆర్చీ వస్తుంటే, పైనుంచి ఎవరో "ఆర్చీ, నీ కుక్క దేని మీద పడుకుంటుంది?" అని అరిచారు. గిల్బర్ట్ ఎంత మెల్లగా నడపొచ్చో అంత మెల్లగా నడిపాడు. పాట మాత్రం పాడలేదు. ఎంతైనా చర్చి మనిషి.

మెట్ల దగ్గర ఆర్చీ తాడు విప్పాడు. తొందరపడకుండా చుట్టలు చుట్టి, తడి పిండి, గిల్బర్ట్ పడవలోకి విసిరాడు.

"చెల్లు" అన్నాడు.