ఐసొల్తాన్ తొలి మాట

వానలు పడ్డాక కరకుమ్ ఎడారి ఇసుకలో డోమలాన్ పుట్టగొడుగుల కోసం నడవని వసంతం ఒగుల్‌సపర్ అరవై ఎనిమిదేళ్ల బతుకులో ఒక్కటీ లేదు. ఈసారి మాత్రం కారు దిగకముందే కొడుకు బెగెంచ్ తీర్పు చెప్పేశాడు.

"అమ్మా, నీకు ఇదే ఆఖరు. పోయినేడు ఎలక బొరియలో కాలు పెట్టి పడ్డావు. వచ్చే ఏడు నువ్వు ఇంట్లోనే."

"ఇంట్లో ఏం చెయ్యను? గోడలకి కబుర్లు చెప్పనా?"

"టీవీ ఉందిగా!"

టీవీ అట, టీవీ! ఒగుల్‌సపర్‌కి ఒళ్లు మండింది. నేల నెర్రె విచ్చి కాస్త ఉబ్బిన చోట తవ్వితే డోమలాన్ దొరుకుతుందని వీడికి నేర్పిందెవరు?

కోడలు ఐసొల్తాన్ పెదవి విప్పలేదు. తుర్క్‌మెన్ ఆచారం ప్రకారం విప్పకూడదు కూడా. పెళ్లయి ఏడు నెలలైనా అత్తగారి ఎదుట తలగుడ్డ కొంగు పళ్లతో పట్టుకునే ఉండాలి. అత్తగారు కానుకిచ్చి నోరు విప్పించేదాకా మాటన్నదే లేదు. ఒగుల్‌సపర్ ఆ కానుకని రేపూ మాపూ అంటూ సాగదీస్తోంది. మాట్లాడని కోడలు ఎంత సుఖమో అనుభవించిన అత్తలకే తెలుసు.

దిబ్బ దిబ్బకీ బెగెంచ్‌ది ఒకటే పాట: "కూర్చో అమ్మా, కాస్త కూర్చో." మూడో దిబ్బ వెనక నేల ఉబ్బి కనబడగానే మోకాళ్ల మీద పడి తవ్వసాగాడు. చొక్కా జేబులోంచి కారు తాళంచెవి జారి ఇసుకలో పడింది. అతనికి తెలియనే లేదు.

"కూర్చో అమ్మా" అన్నాడు తలెత్తకుండానే.

ఒగుల్‌సపర్ బుద్ధిగా కూర్చుంది. సరిగ్గా తాళంచెవి మీద. లేచేసరికి అది ఆమె బూటులో ఉంది. ఎదురుగా కోడలు, కళ్లు ఇంతలేసి చేసుకుని. చూస్తే చూసింది, నోరు లేదుగా అనుకుంది ఒగుల్‌సపర్.

మధ్యాహ్నం కారు దగ్గర మొదలైంది గోల. బెగెంచ్ జేబులన్నీ తిరగేశాడు. పుట్టగొడుగుల సంచీ బోర్లించాడు. చివరికి టోపీ కూడా దులిపి చూశాడు, వెర్రిబాగులవాడు.

"నేను వెతికి తెస్తే? శుభవార్త కానుక ఏమిస్తావు?" అంది ఒగుల్‌సపర్.

"ఏదైనా అడుగు, తల్లీ!"

"వచ్చే వసంతం నేనూ వస్తా. 'కూర్చో' అన్న మాట నీ నోట వినబడకూడదు."

"ఒట్టు! కానీ ఎక్కడా కూర్చోకుండా నిజంగా నడిచి తేవాలి, మూడు దిబ్బలూ. ఐసొల్తాన్, నువ్వూ వెళ్లు. నేనిక్కడ కారు చుట్టూ చూస్తా."

శుభవార్త తెచ్చినవాళ్లు అడిగింది కాదనడం తుర్క్‌మెన్ ఇంట లేదు. ఒగుల్‌సపర్ హుషారుగా బయల్దేరింది. మొదటి దిబ్బ దాటేసరికే మోకాళ్లు భగ్గుమన్నాయి. అక్కడే చతికిలబడింది. లేవబోతే కాళ్లు రాలేదు. వాడన్నదే నిజమా? భయం వేసింది, ఏడుపూ వచ్చింది. ఐసొల్తాన్ పక్కన కూర్చుని, మాటా పలుకూ లేకుండా గంటసేపు ఆ మోకాళ్లు పిసికింది.

ఒగుల్‌సపర్ కుంటకుండా తిరిగొచ్చి తాళంచెవి ఊపుతుంటే బెగెంచ్ కళ్లు చిట్లించాడు.

"ఎక్కడ దొరికింది? మూడు దిబ్బలూ ఎక్కావా?" అని భార్య వైపు తిరిగాడు. "ఎక్కిందా? ఎక్కడైనా కూర్చుందా? తల ఊపు, చాలు."

ఒగుల్‌సపర్ కోడలి వైపు చూసింది. ఏడు నెలలుగా ఆ పిల్లని మూగదాన్ని చేసి ఉంచిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఎందుకు కాపాడుతుంది తనని?

ఐసొల్తాన్ పళ్ల మధ్య కొంగు వదిలేసింది.

"మూడో దిబ్బ వెనక, సాక్సౌల్ పొద కింద దొరికింది. అత్తయ్య ఒక్కచోటా కూర్చోలేదు. నేనే వెనకబడిపోయా."

అత్తగారి ఎదుట ఆ పిల్ల పలికిన తొలి మాట. అంతా పచ్చి అబద్ధం.

"కానుక అందకముందే మాట్లాడేసింది, సిగ్గులేని పిల్ల!" అంటూనే ఒగుల్‌సపర్ తన వెండి కడియం తీసి కోడలి చేతికి తొడిగింది. కళ్లు తుడుచుకుని, "ఊఁ, ఇంకా మాట్లాడు" అంది.

ఐసొల్తాన్ మాట్లాడింది. ఇల్లు చేరేదాకా ఆ ముప్ఫై కిలోమీటర్లూ ఊపిరాడనివ్వకుండా మాట్లాడుతూనే ఉంది. ఒగుల్‌సపర్ ఒక్కసారి కూడా ఆపమనలేదు.