నాకు అడ్డని పేరు పెట్టారు

నేను ఒక ఇనుప గొట్టాన్ని. గొట్టమంటే నీళ్ళు పారేది కాదు. నలుచదరంగా, ఏటవాలుగా, మందపాటి రేకుతో చేసినదాన్ని. కొబ్బరికాయ మీద ఒలిచిన డొక్కల్ని చీల్చి పీచు చేసే మిషనుకి ఓ నోరుంటుంది. ఆ నోటి వెనక, ఒళ్ళంతా ఇనుప పళ్ళున్న డ్రమ్ము గిర్రున తిరుగుతుంటుంది. ఆ నోటికి నన్ను బిగిస్తారు. డొక్క నాలోంచి జారి లోపలికి పోవాలి. డొక్క వేసే చెయ్యి మాత్రం పోకూడదు. నేను బతికినందుకు చెయ్యాల్సిన పని అదొక్కటే.

అంబాజీపేట దగ్గర ఒక పీచు మిల్లు కోసం నన్ను తయారుచేసింది జాన్ సాహెబు అనే వెల్డింగు ఆయన. తన షాపు ముందు పడున్న ఎండు డొక్కని తెచ్చి నాలో జారవిడిచి చూశాడు. సర్రున పోయింది. తర్వాత తన చెయ్యి మోచేతి దాకా దూర్చాడు. వేళ్ళు అవతలికి రాలేదు. "ఇంక ఏ ఆడకూతురి చెయ్యికీ భయంలేదు" అని నా వీపు చరిచాడు. మంచి మనిషి. కాకపోతే, మిల్లులో డొక్కల్ని నీళ్ళలో బాగా నానేసి గానీ మిషన్లో వెయ్యరని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నానిన డొక్క ఉబ్బుతుంది. ఎండు డొక్క కొలతకి పుట్టినదాన్ని, ఉబ్బిన డొక్క నాలో ఇరుక్కునేది.

ఇరుక్కుంటే మిషను ఆపాలి, కర్రతో పొడవాలి, మళ్ళీ తిప్పాలి. మేస్త్రి నూకరాజుకి ఒళ్ళు మండేది. "పనికి అడ్డు, మనిషికి అడ్డు! పీకి అవతల పారెయ్యండెహె!" అన్నాడు. అప్పట్నుంచి నా పేరు అడ్డు. అడ్డు పడడానికే నన్ను పుట్టించారని, అది తిట్టు కాదని చెప్పడానికి నాకు నోరుంది గాని మాట లేదు.

నట్లు విప్పి షెడ్డు వెనక పడేశారు. ఓనరు తాతబ్బాయి గారి ఇంట్లోవాళ్ళు నాలో ఊక పోసి, కోడిని పొదగేశారు. కుక్క ఎంత మూతి పెట్టినా గుడ్లు అందవు కదా! నాకున్న పొడుగు ఎందుకు పనికొస్తుందో వాళ్ళకి చక్కగా తెలుసు. కోడిగుడ్డు విషయంలో తెలుసు.

మిషను దగ్గర కూర్చుని డొక్కలు వేసేది సత్యవేణి. చంటిపిల్ల తల్లి. పిల్ల ఏడిస్తే తోడికోడలు ధనకుమారి ఎత్తుకొచ్చేది, సత్యవేణి గోడ చాటున పాలిచ్చి మళ్ళీ వచ్చి కూర్చునేది. ఓ రోజు మిషను నోట్లో సగంలో ఆగిన డొక్కని చేత్తో నెట్టింది. నేను షెడ్డు వెనక కోడి కింద ఉన్నాను. కేక మాత్రం విన్నాను.

కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

తాతబ్బాయి గారు రాయిగుండె మనిషేం కాదు. తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కానీ మర్నాడు మిషనుకి దిష్టి తగిలిందన్నారు. గుమ్మడికాయ కొట్టి, ఆ పళ్ళకే పసుపు రాసి బొట్టు పెట్టారు. కరిచినదానికి బొట్టు పెట్టడం మనుషులకే చెల్లింది.

విచారణకి ఆఫీసరు వస్తున్నాడని తెలియగానే నాలోంచి కోడిని తోలేసి, కడిగి, పచ్చరంగు కొట్టి మళ్ళీ బిగించారు.

ఆఫీసరు కుర్రాడే, మర్యాదస్తుడే. వచ్చీ రాగానే "తప్పెవరిది?" అన్నాడు.

"ఆయ్, అడ్డు ఎప్పుడూ ఉంటుందండి" అన్నాడు నూకరాజు. "ఈవిడే చంటిపిల్ల తల్లండి. ఒళ్ళు ఇక్కడ, ధ్యాస ఇంటికాడ."

చేతికి కట్టుతో సత్యవేణి ముందుకొచ్చింది. "అయ్యా, ఆ రోజు ఇది లేదండి. కోడి కింద ఉందండి."

అందరూ గొల్లున నవ్వారు. ఆఫీసరుకీ నవ్వాగలేదు. "కోడి కిందేంటమ్మా?"

"నవ్వండి బాబూ. నా చెయ్యి ఎలాగూ తిరిగిరాదు. రేపట్నుంచి ఇక్కడ కూర్చునేది మా తోడికోడలండి. దీన్ని తియ్యకూడదని గట్టిగా రాసి పెట్టండి, నాకదే చాలు."

"ఉంది కదమ్మా! కళ్ళెదురుగానే కనబడుతోంటే!"

ఆయన ఒక్కసారి నాలో చెయ్యి దూర్చి చూసుంటే సరిపోయేది. నేనుండగా సత్యవేణి చెయ్యి పళ్ళ దాకా ఎలా పోయిందని అడగాల్సి వచ్చేది. లేదంటే, దీన్ని ఎందుకు తీశారయ్యా అని నూకరాజునైనా అడగాల్సి వచ్చేది. డొక్క ఇరుక్కుంటుందని వాడు చెప్పేవాడు. నన్ను కాస్త వెడల్పు, ఇంకాస్త పొడుగు చేస్తే సరిపోతుందని జాన్ సాహెబు చెప్పేవాడు. ఎందుకు అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఎవరు అన్న మాటే వచ్చింది. దానికి జవాబు పిల్ల తల్లి రూపంలో ఎదురుగానే నిలబడుంది. ఆఫీసరు అజాగ్రత్త అని తేల్చేసి కొబ్బరిబొండాం తాగి వెళ్ళిపోయాడు.

"ధ్యాస పని మీద ఉంచండి" అని షెడ్డు గోడ మీద ఎర్రరంగుతో రాయించారు. ఎదురుగా కూర్చునే ధనకుమారికి చదువు రాదు.

డొక్కలు మళ్ళీ ఇరుక్కున్నాయి. నూకరాజు మళ్ళీ అరిచాడు. వారం తిరక్కుండానే నట్లు విప్పేశారు. ఆ సాయంత్రం పనిలోకి వెళ్తున్న ధనకుమారి వెంట సత్యవేణి ఎడంచంకలో పిల్లతో గేటు దాకా వచ్చింది.

"వద్దే ధనా, అడ్డు లేకుండా కూర్చోకే."

"జాగ్రత్తగానే ఉంటాలే అక్కా. నాకేం కాదు."

"నేనూ అలాగే అనుకున్నానే."

ధనకుమారి కొంగు నడుముకి దోపుకుని లోపలికి వెళ్ళింది.

నన్ను ఈసారి కోడికి కూడా ఉంచలేదు. మిల్లు ఎదురుగా రోడ్డవతల పాత ఇనుము కొట్టు ఉంది, దానికి వేసేశారు. విరిగిన పంపుల మధ్య, తుప్పు పట్టిన సైకిళ్ళ కింద పడున్నాను. ఇక్కడికి మిషను చప్పుడు బాగా వినబడుతుంది. తిరుగుతున్నంతసేపూ నాకు ఫరవాలేదు. మధ్యలో ఉన్నట్టుండి ఆగిందంటే చాలు, డొక్కలైపోయి ఆగిందో, ఇంకెందుకైనా ఆగిందో తెలీక, రోడ్డవతల ఎవరైనా కేకేస్తారేమోనని వింటూ ఉంటాను.